డిజిటల్ సంతకం పడకపోయినా, పడ్డాక పచ్చ టిక్కు రాకపోయినా: సమస్యలు, పరిష్కారాలు అన్నీ ఇక్కడే

తాళంచెవి · #1

పీడీఎఫ్‌లో డిజిటల్ సంతకం గురించి ఒకే రకం ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. అందుకే ఈ థ్రెడ్. అడిగే ముందు ఒక్క సంగతి తేల్చుకోండి: సంతకం పెట్టడమే కుదరట్లేదా, లేక పెట్టిన సంతకాన్ని సరిచూసినప్పుడు తేడా వస్తోందా? మొదటిదైతే చూడాల్సింది మీ కంప్యూటర్, టోకెన్ (సంతకం కీ దాచుకున్న యూఎస్‌బీ పరికరం), డ్రైవర్. రెండోదైతే ఫైలు, సర్టిఫికెట్ల (ఈ కీ ఫలానావారిదని జారీ సంస్థ ఇచ్చే ధ్రువపత్రాల) గొలుసు, గడియారం.

సంతకాన్ని సరిచూసే ఏ సాఫ్ట్‌వేరైనా మూడు విషయాలు చూస్తుంది. సంతకం పడ్డాక ఫైల్లో బైట్లు ఏమైనా మారాయా? సంతకం చేసిన సర్టిఫికెట్ నుంచి దాన్ని జారీ చేసినవారి సర్టిఫికెట్ల మీదుగా పైకి ఎక్కుతూ పోతే మనం నమ్మే రూట్ (అన్నిటికన్నా పైనుండే సర్టిఫికెట్) దగ్గర ఆగుతుందా? సంతకం చేసిన ఘడియకి ఆ సర్టిఫికెట్ గడువులో ఉందా, రద్దయి ఉందా? ఎర్ర గుర్తు వస్తే చాలావరకు మొదటిదాంట్లో తేడా. పసుపు త్రికోణం వస్తే రెండోదో మూడోదో తేలలేదని అర్థం. పసుపు చూసి ఫైలు పాడైందనుకుని మళ్ళీ సంతకం అడగడం అనవసరం, కొత్త ఫైలుకీ అదే పసుపు వస్తుంది.

ప్రశ్నతో పాటు ఇవి రాయండి: పీడీఎఫ్ రీడర్ పేరు, వెర్షన్, సిగ్నేచర్ ప్యానెల్లో కనబడే సందేశం పూర్తిగా, కీ టోకెన్లో ఉందా పీఎఫ్ఎక్స్ ఫైల్లో (కీ, సర్టిఫికెట్ కలిపి పాస్‌వర్డ్‌తో మూసిన ఫైలు) ఉందా, ఎర్రర్ కోడ్ ఉంటే అంకెలన్నీ. అసలు పత్రం, పీఎఫ్ఎక్స్ ఫైలు, పిన్ మాత్రం ఎవరడిగినా పెట్టకండి.

ఇంకోటి. తెల్ల కాగితం మీద సంతకం చేసి, ఫొటో తీసి, పీడీఎఫ్ మీద అతికిస్తే అది బొమ్మ మాత్రమే. రీడర్లో వేలితో గీసినా అంతే. దానికి సిగ్నేచర్ ప్యానెల్ తెరుచుకోదు, సరిచూడటానికి అందులో ఏమీ ఉండదు.

---

నీలిసిరా · #2

మొదటి ప్రశ్న నాదే. పంపినవారి కంప్యూటర్లో పచ్చ టిక్కు వస్తోంది, అదే ఫైలు అందుకున్నవారి దగ్గర పసుపు. సందేశం: సంతకం తర్వాత పత్రం మారలేదు, కానీ సంతకందారు ఎవరో తెలియదు, ఆ సర్టిఫికెట్ గానీ దాని పైవి గానీ నమ్మకమైన జాబితాలో లేవు. ఇద్దరి దగ్గరా అడోబీ రీడరే. టోకెన్‌తో పెట్టిన సంతకం.

---

గొలుసుకట్టు · #3

నీలిసిరా గారూ, మీ సందేశంలో సగం మంచి వార్తే. "పత్రం మారలేదు" అంటోంది కాబట్టి ఫైలు క్షేమం. తేలనిది నమ్మకం ఒక్కటే. పంపినవారి కంప్యూటర్లో ఆ రూట్ ముందే నమ్మకమైనదిగా చేరి ఉంటుంది, అందుకే అక్కడ పచ్చ.

అందుకున్నవారి దగ్గర ఈ వరసలో చూడండి.

ముందు ఎడిట్, ప్రిఫరెన్సెస్, ట్రస్ట్ మేనేజర్. అక్కడ అడోబీ ఆమోదించిన ట్రస్ట్ లిస్ట్, యూరోపియన్ యూనియన్ ట్రస్ట్ లిస్ట్ అని రెండు ఉంటాయి, పక్కనే "అప్‌డేట్ నౌ" బటన్లు. రెండూ నొక్కి, రీడర్ మూసి తెరిచి, సిగ్నేచర్ ప్యానెల్లో మళ్ళీ సరిచూడండి. ఆఫీసు నెట్‌వర్క్ ఈ డౌన్‌లోడ్‌ని ఆపేస్తే జాబితా పాతదే ఉండిపోతుంది, కాబట్టి "అప్‌డేట్ అయింది" అన్న మాట వచ్చిందో లేదో చూడాలి.

అప్పటికీ పసుపే ఉంటే సంతకం మీద కుడి క్లిక్, సిగ్నేచర్ ప్రాపర్టీస్, "షో సైనర్స్ సర్టిఫికెట్". ఎడమవైపు గొలుసు కనబడుతుంది. మామూలుగా మూడు మెట్లుంటాయి: పైన రూట్, మధ్యలో ఇంటర్మీడియట్, కింద మనిషి సర్టిఫికెట్. ఒక్క మనిషి సర్టిఫికెట్టే ఉండి పైన ఏమీ లేదంటే ఇంటర్మీడియట్ దొరకలేదన్నమాట. మూడూ ఉండి నమ్మకం మాత్రం లేదంటే రూట్ జాబితాలో లేదు. మీ దగ్గర ఏది కనబడుతోందో చెప్పండి, మందు దాన్నిబట్టే.

---

వేకువ_09 · #4

అంత దూరం ఎందుకు? ప్రిఫరెన్సెస్, సిగ్నేచర్స్, వెరిఫికేషన్, మోర్ లోకి వెళ్ళి విండోస్ ఇంటిగ్రేషన్ కింద ఉన్న రెండు టిక్కులూ పెట్టేస్తే పచ్చ వచ్చేస్తుంది కదా. లేదంటే ఆ సర్టిఫికెట్లోనే ట్రస్ట్ ట్యాబ్‌కి వెళ్ళి "యాడ్ టు ట్రస్టెడ్ సర్టిఫికెట్స్" నొక్కితే సరి.

---

పాతకీబోర్డు · #5

వేకువ గారూ, రెండూ పనిచేస్తాయి, కానీ ఆ పచ్చకి అర్థం మారిపోతుంది. విండోస్ రూట్ స్టోర్‌లో వెబ్‌సైట్ల కోసం చేరిన రూట్లు, ఆఫీసు ప్రాక్సీ పెట్టుకున్న రూట్లు, ఏదో సాఫ్ట్‌వేర్ తనంతట తాను చేర్చుకున్నవి అన్నీ ఉంటాయి. ఆ టిక్కులు పెడితే వాటిలో ఏది జారీ చేసిన సంతకమైనా పచ్చే. సంస్థలో ఆ స్టోర్‌ని ఎవరైనా అదుపులో ఉంచుతున్నారంటే పెట్టుకోవచ్చు. ఎవరికి వారు వాడుకునే కంప్యూటర్లో వద్దు.

ఇక వచ్చిన ఫైల్లోంచే సర్టిఫికెట్ తీసి దాన్నే నమ్మమనడం, తలుపు తట్టినవాడినే "నువ్వెవరు" అని అడిగి వాడు చెప్పిందే రాసుకోవడం లాంటిది. ఎవరి పేరుతోనైనా స్వయం సంతక సర్టిఫికెట్ రెండు నిమిషాల్లో తయారవుతుంది. చేర్చక తప్పదంటే రూట్‌నే చేర్చండి. చేర్చే ముందు దాని ఎస్‌హెచ్‌ఏ-256 వేలిముద్ర (సర్టిఫికెట్ బైట్ల నుంచి లెక్కకట్టే గుర్తు), 64 హెక్స్ అక్షరాలు, జారీ చేసిన సంస్థ తన వెబ్‌సైట్లో ప్రకటించినదానితో మొదటి నుంచి చివరి దాకా పోల్చండి. మొదటి నాలుగూ చివరి నాలుగూ కలిశాయని వదిలేయకండి.

---

ముడిబైటు · #6

ఎర్ర గుర్తు గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను రాస్తాను. ఇది ఊహతో తేల్చేది కాదు. ఫైల్లోనే లెక్క ఉంటుంది.

పీడీఎఫ్ సంతకంలో బైట్‌రేంజ్ అని నాలుగు అంకెలుంటాయి. ఫైలు నకలు ఒకటి తీసి హెక్స్ ఎడిటర్లో చదవడానికి మాత్రమే తెరిచి ఆ మాట వెతకండి. సంతకం డిక్షనరీని కుదించి దాచరు కాబట్టి మామూలు అక్షరాల్లోనే దొరుకుతుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిచి పొరపాటున సేవ్ చేశారా, ఆ నకలు పనికిరాదు.

ఉదాహరణకి ఇలా ఉందనుకుందాం: 0 48213 64599 12874.

అర్థం: 0వ బైటు నుంచి 48213 బైట్లు, తర్వాత 64599వ బైటు నుంచి 12874 బైట్లు హ్యాష్‌లో (బైట్ల నుంచి లెక్కకట్టే వేలిముద్ర, సంతకం పడేది దాని మీదే) చేరాయి. మధ్యలో వదిలేసిన ఖాళీ 64599 − 48213 = 16386. అందులో రెండు కోణపు బ్రాకెట్లు పోతే 16384 హెక్స్ అక్షరాలు, అంటే 8192 బైట్లు. సంతకం కూర్చునే గూడు అదే. తన హ్యాష్‌లో తానే ఇమడలేదు కాబట్టి ఆ భాగాన్ని వదిలేస్తారు.

ఇప్పుడు చివరి రెండూ కూడండి: 64599 + 12874 = 77473. సంతకం పడిన క్షణంలో ఫైలు సైజు అది. మీ చేతిలో ఉన్న ఫైలు సైజు చూడండి.

77473 కంటే ఎక్కువ ఉంటే సంతకం తర్వాత చివర ఏదో చేరింది. అది రెండో సంతకం కావచ్చు, సరిచూపు సమాచారం కావచ్చు, ఎవరో రాసిన వ్యాఖ్య కావచ్చు. ఎక్కువ ఉన్నంత మాత్రాన తప్పు కాదు. కుడి క్లిక్ మీద "వ్యూ సైన్డ్ వెర్షన్" నొక్కితే సంతకం నాటి పత్రం విడిగా తెరుచుకుంటుంది, రెండూ పక్కపక్కన పెట్టి చూడొచ్చు.

తక్కువ ఉంటే ఫైలు తెగిపోయింది, లేదా ఎవరో కుదించి మళ్ళీ రాశారు.

సరిగ్గా అంతే ఉండి ఎర్ర గుర్తు వస్తే బైట్లు ఉన్నచోటే మారాయి. ఇది అరుదు.

పాప్లర్ అనే పీడీఎఫ్ సాఫ్ట్‌వేర్‌తో వచ్చే పీడీఎఫ్‌సిగ్ అనే చిన్న ఆదేశం ఈ లెక్కంతా చేసి, సంతకం మొత్తం పత్రాన్ని కప్పిందో లేదో ఒక్క వాక్యంలో చెబుతుంది. ఎక్కువ ఫైళ్ళు చూడాలంటే అది హాయి.

---

నీలిసిరా · #7

చాలా బాగా చెప్పారు. మరి ఎవరూ ముట్టుకోకుండానే ఎర్ర గుర్తు ఎలా వస్తోంది? మెయిల్లో పంపినప్పుడు బాగుంది, ఒక వెబ్‌సైట్లో ఎక్కించి మళ్ళీ దించుకుంటే ఎర్ర.

---

ముడిబైటు · #8

మనిషి ముట్టుకోకపోయినా సర్వర్ ముట్టుకుంటుంది. ఎక్కించిన పీడీఎఫ్‌ని కుదించడం, పేజీ కింద నంబరో వాటర్‌మార్కో వేయడం, పేజీలను తిరగరాయడం చాలా వెబ్‌సైట్లు చెప్పకుండానే చేస్తాయి. ఎక్కించకముందు ఫైలుకీ దించుకున్న ఫైలుకీ ఎస్‌హెచ్‌ఏ-256 తీసి పోల్చండి. విండోస్‌లో సర్ట్‌యుటిల్‌కి హ్యాష్‌ఫైల్ ఐచ్ఛికం ఇచ్చి, ఫైలు పేరు తర్వాత ఎస్‌హెచ్‌ఏ256 అని రాస్తే వస్తుంది (రాయకపోతే ఎస్‌హెచ్‌ఏ-1 ఇస్తుంది), లినక్స్‌లో ఎస్‌హెచ్‌ఏ256సమ్. తేడా ఉంటే తప్పు మీది కాదని చూపించడానికి ఆ రెండు వరసలు చాలు. ఎఫ్‌టీపీలో టెక్స్ట్ మోడ్ పెట్టి పంపినా, గిట్‌లో పంక్తి చివరలను మార్చే సెట్టింగు ఉన్నా ఇదే జరుగుతుంది.

సంతకమే మాయమై బొమ్మ మిగిలితే అది వేరే కథ: ఎవరో "ప్రింట్ టు పీడీఎఫ్" చేశారు. అప్పుడు సిగ్నేచర్ ప్యానెలే రాదు. పేజీ మీద పచ్చ టిక్కు బొమ్మ అచ్చుపడి ఉన్నా దానికి విలువ లేదు. సంతకం ఉన్న రెండు పీడీఎఫ్‌లను ఒకటిగా కలిపినా అంతే, రెండిటి సంతకాలూ పోతాయి. కలపాల్సినవి కలిపాకే సంతకం. లేదా సంతకం అయినవాటిని ఇంకో పీడీఎఫ్‌కి అటాచ్‌మెంట్లుగా పెట్టండి, లోపల ఒక్క బైటు కూడా కదలదు.

---

గొలుసుకట్టు · #9

ముడిబైటు గారి మాటకి ఒక చేర్పు. బ్రౌజర్లో పీడీఎఫ్ తెరిచి "సంతకం కనబడుతోంది" అనుకోవద్దు. క్రోమ్ లోపలి వ్యూయర్ సంతకాన్ని సరిచూడదు, పేజీ మీది బొమ్మనే చూపిస్తుంది. సరిచూసే వ్యూయర్లను కూడా తాజాగా ఉంచుకోవాలి. 2019లో జర్మనీలోని రూర్ బోకుమ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, సంతకం చెల్లుతున్నట్టే చూపిస్తూ లోపలి విషయం మార్చగల దాడులను బయటపెట్టారు. వాళ్ళు పరీక్షించిన 22 డెస్క్‌టాప్ వ్యూయర్లలో 21 మోసపోయాయి. తర్వాత దిద్దుబాట్లు వచ్చాయి, కానీ పాత వెర్షన్ పెట్టుకున్నవారికి అవి అందవు.

---

శ్రావణమేఘం · #10

సంతకం పెట్టేటప్పుడు వచ్చే ఎర్రర్ ఇది: విండోస్ క్రిప్టోగ్రాఫిక్ సర్వీస్ ప్రొవైడర్ లోపం, కోడ్ 2148073494. ఇంకో కంప్యూటర్లో అదే టోకెన్‌కి 2148073480. డ్రైవర్ రెండుసార్లు తీసి వేసినా అంతే.

---

తాళంచెవి · #11

శ్రావణమేఘం గారూ, ఆ రెండూ వేర్వేరు జబ్బులు. కోడ్‌ని హెక్స్‌లోకి మార్చుకుంటే మైక్రోసాఫ్ట్ పట్టికలో అర్థం దొరుకుతుంది.

2148073494 అంటే 80090016. "కీసెట్ లేదు." సర్టిఫికెట్ విండోస్ స్టోర్‌లో కనబడుతోంది, దాని ప్రైవేట్ కీ మాత్రం చేతికి అందట్లేదు. టోకెన్ పెట్టగానే సర్టిఫికెట్ ప్రాపగేషన్ అనే విండోస్ సర్వీసు దాని సర్టిఫికెట్‌ని మీ పర్సనల్ స్టోర్‌లోకి నకలు చేస్తుంది. టోకెన్ తీసేసినా, పాతది పోయి కొత్తది వచ్చినా ఆ నకలు అక్కడే ఉండిపోవచ్చు. ఒకే పేరుతో రెండు మూడు వరసలు కనబడి మీరు పాతదాన్ని ఎంచుకుంటే ఈ ఎర్రరే. రన్ పెట్టెలో సర్ట్‌ఎంజీఆర్ డాట్ ఎంఎస్‌సీ అని కొట్టి, పర్సనల్, సర్టిఫికెట్స్ తెరవండి. గడువు తేదీ, సీరియల్ నంబర్ చూసి, టోకెన్లో ఇప్పుడు లేనివాటిని తీసేయండి. పీఎఫ్ఎక్స్ నుంచి చేర్చినవి తీస్తే కీ కూడా పోయే ప్రమాదం ఉంది కాబట్టి, నకలు లేకుండా వాటిని ముట్టుకోవద్దు. తర్వాత టోకెన్ తీసి పెడితే సరైనది ఒక్కటే మళ్ళీ చేరుతుంది.

2148073480 అంటే 80090008. "అల్గారిథం చెల్లదు." రీడర్ ఎస్‌హెచ్‌ఏ-256తో సంతకం అడుగుతోంది, మీ కీ ఉన్న ప్రొవైడర్‌కి (విండోస్‌లో కీతో సంతకం పెట్టే భాగం) అది చేతకాదు. పాత తరం ప్రొవైడర్లు ఎస్‌హెచ్‌ఏ-1 దగ్గరే ఆగిపోయాయి. టోకెన్ అయితే తయారీదారు ఇచ్చిన కొత్త డ్రైవర్ వేయాలి, పాతది పూర్తిగా తీసేసి, కంప్యూటర్ ఒకసారి రీస్టార్ట్ చేశాకే. పీఎఫ్ఎక్స్ అయితే సర్ట్‌యుటిల్ ఆదేశంలో ప్రొవైడర్ పేరు "మైక్రోసాఫ్ట్ ఎన్‌హాన్స్డ్ ఆర్‌ఎస్‌ఏ అండ్ ఏఈఎస్ క్రిప్టోగ్రాఫిక్ ప్రొవైడర్" అని ఇచ్చి మళ్ళీ ఇంపోర్ట్ చేయండి.

దగ్గరి చుట్టం ఇంకోటుంది: 2148073513, అంటే 80090029, "ఈ పని నాకు రాదు". దీనికీ ముందు డ్రైవరే చూడాలి.

---

వేకువ_09 · #12

80090008కి ఇంకా సులువు ఉందిగా, రీడర్‌నే ఎస్‌హెచ్‌ఏ-1 వాడమని చెప్పడం?

---

పాతకీబోర్డు · #13

దయచేసి అలా చేయకండి. 2017 ఫిబ్రవరిలో నెదర్లాండ్స్‌లోని సీడబ్ల్యూఐ, గూగుల్ పరిశోధకులు కలిసి ఒకే ఎస్‌హెచ్‌ఏ-1 హ్యాష్ వచ్చే రెండు వేర్వేరు ఫైళ్ళను చూపించారు. అవి పీడీఎఫ్ ఫైళ్ళే. ఒకదాని మీద పడిన సంతకం రెండోదానికీ అతుకుతుందంటే ఇక ఆ సంతకం దేన్ని కాపాడుతున్నట్టు? హ్యాష్‌కి ఎస్‌హెచ్‌ఏ-256, కీ ఆర్‌ఎస్‌ఏ రకం అయితే కనీసం 2048 బిట్లు. అంతకన్నా కిందికి దిగొద్దు.

---

శ్రావణమేఘం · #14

పాత వరసలు తీసేశాక మొదటి కంప్యూటర్లో పడింది. రెండోదాంట్లో కొత్త డ్రైవర్‌తో అల్గారిథం ఎర్రర్ పోయింది, కానీ ఇప్పుడు టోకెనే కనబడట్లేదు. ఆ కంప్యూటర్‌ని రిమోట్ డెస్క్‌టాప్‌లో వాడేది. టోకెన్ దానికే గుచ్చి ఉంది.

---

తాళంచెవి · #15

కారణం మీరే చెప్పేశారు. రిమోట్ డెస్క్‌టాప్ సెషన్‌లో విండోస్ స్మార్ట్‌కార్డ్ అడుగులన్నీ మీరు కూర్చున్న కంప్యూటర్ వైపు మళ్ళుతాయి. అక్కడి యంత్రానికి గుచ్చిన టోకెన్ ఆ సెషన్‌కి కనబడదు. అది అలాగే కట్టారు, చెడిపోలేదు.

టోకెన్‌ని మీ ముందున్న కంప్యూటర్‌కి గుచ్చండి. కనెక్ట్ అయ్యే ముందు రిమోట్ డెస్క్‌టాప్ విండోలో షో ఆప్షన్స్, లోకల్ రిసోర్సెస్, మోర్ తెరిచి స్మార్ట్ కార్డ్స్ టిక్కు పెట్టండి. డ్రైవర్ రెండు యంత్రాల్లోనూ ఉండాలి.

రిమోట్ లేకుండానే టోకెన్ కనబడకపోతే సర్వీసెస్‌లో స్మార్ట్ కార్డ్ సర్వీసు నడుస్తోందో లేదో చూడండి. లినక్స్‌లో అయితే పీసీఎస్‌సీడీ. టోకెన్ సొంత సాఫ్ట్‌వేర్లో కనబడి రీడర్లో కనబడకపోతే బిట్ల తేడా వెతకండి: 64 బిట్ ప్రోగ్రాం 32 బిట్ పీకేసీఎస్ 11 మాడ్యూల్‌ని (టోకెన్‌తో మాట్లాడే డ్రైవర్ ఫైలు) తెరవలేదు, అటూ అంతే. అడోబీ రీడర్లో ప్రొటెక్టెడ్ మోడ్ కూడా కొన్ని మాడ్యూళ్ళను అడ్డుకుంటుంది. ప్రిఫరెన్సెస్‌లో సెక్యూరిటీ ఎన్‌హాన్స్డ్ కింద దాన్ని ఆపి పరీక్షించి, కారణం తేలగానే మళ్ళీ పెట్టేయండి.

టోకెన్ కనబడినా సర్టిఫికెట్ సంతకాల జాబితాలో రాకపోతే కీ యూసేజ్ చూడండి. డిజిటల్ సిగ్నేచర్ గానీ నాన్ రెప్యుడియేషన్ గానీ ఉండాలి. కీ ఎన్‌సైఫర్‌మెంట్ ఒక్కటే ఉంటే అది గుప్తీకరణకి ఇచ్చిన సర్టిఫికెట్, దాంతో సంతకం పడదు.

---

బంతిపూలు · #16

పీఎఫ్ఎక్స్ ఫైలు. పాస్‌వర్డ్ నూటికి నూరుపాళ్ళూ సరైనదే, కొత్త ల్యాప్‌టాప్‌లో తెరుచుకుంటోంది. పాత విండోస్ సర్వర్‌లో మాత్రం "పాస్‌వర్డ్ తప్పు" అంటోంది.

---

ముడిబైటు · #17

ఆ సందేశం మనల్ని తప్పుదోవ పట్టిస్తుంది బంతిపూలు గారూ. పాస్‌వర్డ్ తప్పు కాదు. ఆ ఫైల్ని మూసిన పద్ధతి సర్వర్‌కి తెలియదు.

2021లో వచ్చిన ఓపెన్ఎస్ఎస్ఎల్ 3.0 నుంచి పీఎఫ్ఎక్స్ తయారు చేస్తే, ఏమీ చెప్పకపోయినా ఏఈఎస్-256తో మూస్తుంది. విండోస్ సర్వర్ 2016, అంతకు ముందువాటికి అది తెరవడం రాదు. తెరవలేనప్పుడు అవి చెప్పే మాట "పాస్‌వర్డ్ తప్పు". కొత్త యంత్రంలో ఇంపోర్ట్ చేసి, ఎక్స్‌పోర్ట్ విజార్డ్‌లో ఎన్‌క్రిప్షన్ దగ్గర ట్రిపుల్‌డీఈఎస్-ఎస్‌హెచ్‌ఏ1 ఎంచుకుని మళ్ళీ తీయండి. అలా తీయాలంటే ఇంపోర్ట్ చేసేటప్పుడు "ఈ కీ ఎక్స్‌పోర్ట్ చేయదగినది" టిక్కు పెట్టి ఉండాలి. ఆ మూత బలహీనం కాబట్టి ఫైలు సర్వర్‌లోకి చేరగానే ఆ నకలు చెరిపేయండి.

తిరగేసి కూడా జరుగుతుంది. పాత పీఎఫ్ఎక్స్‌లో ఆర్‌సీ2 40 బిట్ల మూత ఉంటే ఓపెన్ఎస్ఎస్ఎల్ 3 తెరవనంటుంది. లెగసీ ఐచ్ఛికం జోడిస్తే తెరుస్తుంది.

చివరిగా, చేతిలో ఉన్నది డాట్ సీఈఆర్ ఫైలైతే అందులో ప్రైవేట్ కీ ఉండదు. దాన్ని ఎన్నిసార్లు ఇంపోర్ట్ చేసినా సంతకం పడదు.

---

నీలిసిరా · #18

గొలుసుకట్టు గారూ, #3లో అడిగారు కదా: అందుకున్నవారి దగ్గర గొలుసులో ఒక్క మెట్టే ఉంది. ఇంటర్మీడియట్ లేదు.

ఇంకో ప్రశ్న. ముగ్గురు సంతకం చేయాల్సిన ఒప్పందం. మొదటివారు చేశాక రెండోవారికి సంతకం బటనే బూడిదరంగులోకి పోయింది.

---

గొలుసుకట్టు · #19

ఒక్క మెట్టే ఉందంటే పంపినవారి సాఫ్ట్‌వేర్ సంతకంలో పై సర్టిఫికెట్లు కలపలేదు. పంపినవారి దగ్గర టోకెన్లో గానీ విండోస్ స్టోర్‌లో గానీ ఇంటర్మీడియట్ చేర్పించి, తర్వాతి పత్రాలను గొలుసు మొత్తంతో సంతకం చేయించండి. ఇప్పటికే వచ్చిన ఫైలు కోసం అందుకున్నవారు జారీ సంస్థ సైటు నుంచి ఇంటర్మీడియట్ దించుకుని చేర్చుకోవచ్చు. ఎక్కడుందో సర్టిఫికెట్లోనే "అథారిటీ ఇన్ఫర్మేషన్ యాక్సెస్" అనే గడిలో చిరునామా రాసి ఉంటుంది. ఇంటర్మీడియట్‌ని "నమ్మకమైనది" అని గుర్తు పెట్టక్కర్లేదు, అందుబాటులో ఉంటే చాలు. నమ్మకం రూట్ నుంచే దిగాలి.

రెండోవారికి బటన్ పోవడానికి ముఖ్యమైన కారణాలు రెండు. మొదటివారు సంతకం పెట్టేటప్పుడు "లాక్ డాక్యుమెంట్ ఆఫ్టర్ సైనింగ్" టిక్కు పెట్టి ఉండొచ్చు. లేదా మామూలు సంతకానికి బదులు సర్టిఫై చేసి, "ఏ మార్పులూ వద్దు" ఎంచుకుని ఉండొచ్చు. సర్టిఫై చేయడంలో మూడు స్థాయిలు: ఏ మార్పూ వద్దు; ఫారం నింపడం, సంతకం వరకు ఫర్వాలేదు; వ్యాఖ్యలు కూడా ఫర్వాలేదు. ముగ్గురు చేయాల్సిన పత్రంలో మొదటిది ఎంచుకుంటే మిగతా ఇద్దరికీ దారి మూసుకుపోతుంది. ఆ ఫైల్ని వాళ్ళు విప్పే మార్గం లేదు. సంతకం లేని మూల ప్రతితో మళ్ళీ మొదలుపెట్టాల్సిందే.

సరైన వరస: పేజీలన్నీ కలపండి, ఫారం గడులు నింపండి, మూడు సంతకాల గడులూ ముందే పెట్టండి, అప్పుడు మొదటి సంతకం. తాళం టిక్కు చివరివారికే. రెండోవారు సంతకం చేశాక వచ్చిన ఫైలే మూడోవారికి వెళ్ళాలి. ముగ్గురికీ ఒకేసారి మూల ప్రతి పంపితే ఒక్కో సంతకంతో మూడు ఫైళ్ళు తిరిగొస్తాయి, వాటిని ఒకటి చేయలేం.

---

బంతిపూలు · #20

సంతకం చేసిన సర్టిఫికెట్ గడువు వచ్చే నెలలో తీరిపోతుంది. పాత పత్రాలన్నీ చెల్లకుండా పోతాయా?

---

తాళంచెవి · #21

ఈ థ్రెడ్‌లో అందరూ చదవాల్సిన ప్రశ్న ఇది. గడువు తీరాక సరిచూసేవారికి తెలియాల్సింది ఒక్కటే: సంతకం గడువు లోపలే పడిందా? మీ కంప్యూటర్ గడియారం చెప్పిన సమయం దానికి సాక్ష్యం కాదు. గడియారాన్ని ఎవరైనా వెనక్కి తిప్పగలరు. అందుకే రీడర్ కూడా "సమయం సంతకందారు కంప్యూటర్‌ది" అని విడిగా చెబుతుంది.

సాక్ష్యం టైమ్‌స్టాంప్. ఆర్‌ఎఫ్‌సీ 3161 ప్రకారం మూడో సంస్థ సర్వర్ మీ సంతకం హ్యాష్‌కి సమయం జోడించి తన సంతకం పెడుతుంది. ప్రిఫరెన్సెస్, సిగ్నేచర్స్, డాక్యుమెంట్ టైమ్‌స్టాంపింగ్, మోర్, న్యూ. మీ సర్టిఫికెట్ జారీదారు ఇచ్చిన సర్వర్ చిరునామా రాసి "సెట్ డీఫాల్ట్" నొక్కండి. చివరి నొక్కు మరిచిపోతే సర్వర్ జాబితాలో ఉన్నా వాడుకలోకి రాదు.

టైమ్‌స్టాంప్ ఒక్కటే చాలదు. ఆ రోజున సర్టిఫికెట్ రద్దు కాలేదనే రుజువు, అంటే ఓసీఎస్‌పీ జవాబు (రద్దయిందా అని అడిగితే జారీ సంస్థ సర్వర్ చెప్పేది) లేదా సీఆర్‌ఎల్ (రద్దయినవాటి జాబితా), ఫైల్లోనే ఉండాలి. కొన్నేళ్ళకి ఆ సర్వర్లు మూతపడితే తెచ్చుకోలేం. సిగ్నేచర్స్, క్రియేషన్ అండ్ అప్పియరెన్స్ కింద "రద్దు స్థితిని కలుపు" టిక్కు ఉంచండి. అప్పుడు సంతకం వివరాల్లో "ఎల్‌టీవీ ఎనేబుల్డ్" (చాలా కాలం తర్వాతా సరిచూడొచ్చని) అని కనబడాలి.

బంతిపూలు గారూ, మీ పాత పత్రాలకి ఇంకా నెల ఉంది. ఒక్కోటి తెరిచి, సంతకం మీద కుడి క్లిక్, "యాడ్ వెరిఫికేషన్ ఇన్ఫర్మేషన్" నొక్కి, ఆ తర్వాత డాక్యుమెంట్ టైమ్‌స్టాంప్ ఒకటి వేసి సేవ్ చేయండి. నెట్ ఉండాలి. ఇవన్నీ ఫైలు చివరన చేరతాయి కాబట్టి పాత సంతకం చెడదు. సైజు పెరగడం మామూలే.

---

ముడిబైటు · #22

ఇవన్నీ కలిపినప్పుడు సొంతంగా ప్రోగ్రాం రాసుకున్నవారికి "సంతకానికి చోటు చాలలేదు" అని ఎర్రర్ వస్తుంది. #6లోని 8192 బైట్ల గూడు అదే. గొలుసు, టైమ్‌స్టాంప్, ఓసీఎస్‌పీ అన్నీ అందులోనే కూరితే పట్టదు. గూడుని 16384 గానీ 32768 గానీ చేయండి. సీఆర్‌ఎల్ వందల కిలోబైట్లు ఉండొచ్చు కాబట్టి దాన్ని గూట్లో పెట్టకండి. పీడీఎఫ్‌లో డీఎస్‌ఎస్ అనే విడి అర ఉంది, దాని చోటు అక్కడ.

ఎక్స్‌ఎంఎల్ సంతకాలవాళ్ళకి ఒక్క మాట: సంతకం పడ్డాక ఫైల్ని అందంగా వరసలు జరిపి సేవ్ చేస్తే సంతకం పోతుంది. కెనానికలైజేషన్ (హ్యాష్‌కి ముందు ఎక్స్‌ఎంఎల్‌ని ఒకే రూపంలోకి తేవడం) ట్యాగుల మధ్య ఖాళీలను తీసేయదు, అవి హ్యాష్‌లో భాగమే. డాట్‌నెట్‌లో ఎక్స్‌ఎంఎల్‌డాక్యుమెంట్ తెరిచేముందు ప్రిజర్వ్ వైట్‌స్పేస్‌ని ట్రూ చేయాలి, అది మామూలుగా ఫాల్స్‌లో ఉంటుంది.

---

శ్రావణమేఘం · #23

రిమోట్ సమస్య తీరింది, కృతజ్ఞతలు. ఆఖరి చిక్కు: వెబ్‌సైట్లో సంతకం పెట్టబోతే "సైనింగ్ సర్వీస్ దొరకలేదు". పిన్ కూడా రెండుసార్లు తప్పు చెప్పింది, ఇటీవలే మార్చింది.

---

పాతకీబోర్డు · #24

ముందు పిన్ సంగతి, ఎందుకంటే అది ఆగదు. తప్పు పిన్‌ల లెక్క చిప్ లోపల ఉంటుంది, కంప్యూటర్ రీస్టార్ట్ చేస్తే సున్నా కాదు. ఏదో సాఫ్ట్‌వేర్ పాత పిన్ దాచుకుని ఉంటే మీ బదులు అదే తప్పు కొట్టేస్తుంది. టోకెన్ తీసేయండి. దాచుకున్న పిన్ అన్నిచోట్లా చెరిపి, టోకెన్ సొంత సాఫ్ట్‌వేర్లో కొత్త పిన్ ఒకసారి సరిగ్గా కొట్టండి, లెక్క మొదటికొస్తుంది. తాళం పడిపోతే జారీదారు దగ్గరి అన్‌లాక్ పిన్‌తోనే తెరవాలి. "ఇనీషియలైజ్" అనే బటన్ మాత్రం నొక్కొద్దు. అది తాళం తీయదు, లోపలి కీలన్నీ చెరిపేస్తుంది. ఆ కీ ఇక ఎక్కడా దొరకదు, కొత్త సర్టిఫికెట్ తీసుకోవాల్సిందే.

ఇక వెబ్‌సైట్. బ్రౌజర్లోని వెబ్ పేజీకి నేరుగా టోకెన్‌ని తాకే వీలు లేదు. ఒకప్పుడు జావా ఆప్లెట్ ఆ పని చేసేది. క్రోమ్ 2015లో, ఫైర్‌ఫాక్స్ 2017లో ఆ ప్లగిన్లను తీసేశాయి. ఇప్పుడు మీ కంప్యూటర్లోనే ఒక సహాయక ప్రోగ్రాం నడుస్తూ ఉంటుంది, వెబ్ పేజీ 127.0.0.1 చిరునామాలో (అంటే ఈ కంప్యూటరే) ఏదో ఒక పోర్టుకి కబురు పెడుతుంది. కాబట్టి ఈ వరసలో చూడండి: ఆ ప్రోగ్రాం నడుస్తోందా, యాంటీవైరస్ గానీ ప్రాక్సీ గానీ 127.0.0.1ని అడ్డుకుంటోందా, అదే పోర్టుని ఇంకో సైనింగ్ ప్రోగ్రాం పట్టుకుని కూర్చుందా. రెండు సైట్లకి రెండు ప్రోగ్రాములు వేసుకున్నవారికి మూడోదే ఎక్కువ, ఒకదాన్ని ఆపి చూడండి. బ్రౌజర్ "ఈ కంప్యూటర్లోని యాప్‌లను చేరడానికి అనుమతి" అడిగినప్పుడు వద్దని నొక్కి ఉంటే సైటు సెట్టింగుల్లో మార్చండి.

ఫైర్‌ఫాక్స్‌లో మాత్రమే పనిచేయకపోతే, అది విండోస్ స్టోర్‌కి బదులు తన సొంత సర్టిఫికెట్ జాబితా చూసుకుంటోంది. సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సర్టిఫికెట్స్ దగ్గర, మీరు ఇన్‌స్టాల్ చేసిన రూట్లను నమ్మమనే టిక్కు పెట్టి, బ్రౌజర్ మూసి తెరవండి.

---

శ్రావణమేఘం · #25

పోర్టు గొడవే. పాత ప్రోగ్రాం స్టార్టప్‌లోంచి తీసేశాక సైటు టోకెన్‌ని పట్టుకుంది. పాత పిన్ కూడా అందులోనే దాచి ఉంది.

---

నీలిసిరా · #26

ఇంటర్మీడియట్ చేర్చాక గొలుసులో మూడు మెట్లూ వచ్చాయి. రూట్ వేలిముద్ర 64 అక్షరాలూ జారీ సంస్థ సైటుతో పోల్చి చేర్పించాను, అందుకున్నవారి దగ్గర పచ్చ వచ్చింది. ఒప్పందం మూల ప్రతిలో మూడు గడులు పెట్టి మొదటివారికి పంపాను, తాళం టిక్కు లేకుండా.